రెండు మిల్లీమీటర్ల గడ్డి

మా నాన్నకి కోపం తెప్పించడం చాలా తేలిక. "మీ కోర్టుల్లో గడ్డి ఎంత బావుందండీ, ఇక్కడి నేల మంచిది" అంటే చాలు. అన్నవాళ్ళ ముందు మాత్రం టోపీ తీసి చేత్తో పట్టుకుని, "అవునండి" అని నవ్వేవాడు. ఇంటికొచ్చాక చెప్పులు చెరో మూలకి విసిరేవాడు. "నేలట, నేల. ఇరవై రెండేళ్ళ నుంచి రోలరు లాగుతున్న నా నడుం ఏమైనట్టు? ఒక్క నెల నేను మంచమెక్కుతాను, అప్పుడొచ్చి చూడమను వాళ్ళ నేలని" అని అమ్మ మీద ఎగిరేవాడు. అమ్మ ఆ నేలని ఒక్కనాడూ పొగిడిన పాపాన పోలేదు.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ వేసవిలో జరిగినది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే. చేసిన పనిని నేల ఖాతాలో వేస్తే మనిషికి ఎంత మండుతుందో మా నాన్న కన్నా బాగా తెలిసినవాడు ఎవడూ లేడు. అంత తెలిసినవాడు నాకు అదే చేశాడు.

మేముండేది టెన్నిస్ క్లబ్బు వెనక రెండు గదుల్లో. ఆరు గడ్డి కోర్టుల పని నాన్నది. అమ్మ కిటికీ పక్కన మిషను పెట్టుకుని రాకెట్లకి గట్టింగ్ చేసేది, అంటే తెగిన తీగలు కోసి తీసేసి కొత్తవి బిగించడం. అక్కకి పద్దెనిమిది, నాకు పదహారు. ఇద్దరం ఒకే ఆట ఆడేవాళ్ళం. మా మాస్టారు పాతకాలం మనిషి. సర్వీస్ కొట్టడం, ఆ ఊపులోనే నెట్ దగ్గరికి దూసుకెళ్ళడం, తిరిగొచ్చిన బంతిని నేల తాకనివ్వకుండా వాలీ కొట్టి పాయింట్ తెంపెయ్యడం, ఇదొక్కటే ఆయన దృష్టిలో టెన్నిస్. వెనక నిలబడి గంటలకొద్దీ బంతిని అటూ ఇటూ కొట్టుకునేవాళ్ళని చూస్తే, బట్టలు ఉతుక్కోండి పోయి, అనేవాడు.

క్లబ్బులో నన్ను గాడ్‌గిఫ్ట్ అని పిలిచేవారు. అక్కని కష్టజీవి అనేవారు. నా వాలీ మెత్తగా నెట్ దాటి అక్కడే చచ్చిపడితే, పెద్దమనుషులు కాఫీ కప్పులు పట్టుకుని, "అది నేర్పితే వచ్చేది కాదండీ, పుట్టుకతో రావాల్సిందే" అని తలలూపేవారు. అక్క సాయంత్రాలు మాస్టారి ముందు వెనక సిమెంటు కోర్టులో మూడేసి గంటలు ఆడేది. చొక్కా పిండితే బక్కెట్టు నిండేంత చెమట. ఒకసారి కంచె పట్టుకుని వాంతి కూడా చేసుకుంది. నేనూ వస్తానంటే మాస్టారు నవ్వేశాడు. నీకెందుకే, నువ్వు అక్కకి బంతులు విసురు, అన్నాడు. రెండేళ్ళు విసిరాను. బుట్టలకి బుట్టలు.

నా సంగతి చెబుతాను, ఎవరూ అడగలేదు గనక. ఆరేళ్ళప్పటి నుంచి నేను రోజూ తెల్లవారుజామున నాన్న వెంట కోర్టులకి వెళ్ళేదాన్ని. మంచు పడ్డ గడ్డి మీద చెప్పుల అచ్చులు పడతాయని నాన్న చెప్పులు విప్పించేవాడు. ఆయన ఒక చివర నుంచి గడ్డి కోసుకుంటూ వస్తుంటే, నేను రోలరు పెట్టే షెడ్డు గోడకి మూడడుగుల దూరంలో నిలబడి బంతి కొట్టేదాన్ని. ఆ గోడ ఎగుడుదిగుడు ఇటుకలది. బంతి ఎటు తిరిగొస్తుందో దానికే తెలియదు. ముక్కుకి తగిలేది, మోకాలికి తగిలేది. నెత్తురు కారితే గడ్డితో తుడుచుకునేదాన్ని. వెయ్యి కొట్టేదాకా వదిలేదాన్ని కాదు. పదేళ్ళు కొట్టాను. చివరికి ఆ గోడకి నా నడుమెత్తున గచ్చు రాలిపోయి, కంచమంత మేర ఎర్ర ఇటుక బయటపడింది. ఆ ఎత్తున వచ్చే బంతి ఎటు తిరిగినా నా చెయ్యి ముందే అక్కడుండేది. దీన్నే వాళ్ళు పుట్టుక అన్నారు.

అమ్మకి మాత్రం తెలుసు. మా ఇద్దరి రాకెట్లలో తెగిన తీగలు కోసి, కిటికీ పక్కన రెండు మేకులకి రెండు కట్టలుగా తగిలించేది. ఎందుకని అడిగితే, ఉండనీ, ఎప్పుడో పనికొస్తాయిలే అనేది. నా కట్ట ఎప్పుడూ లావుగా ఉండేది. ఒకసారి భోజనాల దగ్గర, దీని తీగలు పెద్దదానివాటికంటే రెండింతలు తెగుతున్నాయి, ఎప్పుడూ నడిమధ్యలోనే తెగుతున్నాయి అంది. నాన్న నవ్వి, దీనిది మోటు చెయ్యి అన్నాడు. క్లబ్బులో సున్నితమైన చెయ్యి, ఇంట్లో మోటు చెయ్యి. రెండూ ఒకే చెయ్యి.

ఆ వేసవి మొదట్లో క్లబ్బు ఒక సంగతి ప్రకటించింది. అమ్మాయిల ఫైనల్లో గెలిచినవాళ్ళని పెద్ద శిక్షణ కేంద్రానికి పంపిస్తారు. ఏడాది పాటు తిండి, బస, ఆట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఒక్కటే సీటు. పద్దెనిమిది దాటితే పనికిరాదు. అంటే అక్కకి అదే ఆఖరి ఏడు. ఇక ఇంట్లో ఆ సీటు పేరెత్తితే అందరూ అక్క మొహం చూసేవారు. నీకేం, నీకు వచ్చే ఏడుంది, ఆ పై ఏడుంది, అనేవాడు నాన్న. అక్క కూడా ఒకసారి జడ వేసుకుంటూ అద్దంలో నన్ను చూసి, "నీకేం తల్లీ, నిద్దట్లో లేచి ఆడినా గెలుస్తావు" అంది. నేను నిద్ర లేచాక తను ఇంకో మూడు గంటలు పడుకుంటుందన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అక్కంటే నాకు ఇష్టం. అదొకటి పెద్ద గొడవ.

ఆ నెలంతా ఇద్దరం గెలుస్తూ వచ్చాం. సెమీఫైనల్లో నేను గంటలోపు ముగించాను. అక్క రెండున్నర గంటలు కొట్టుకుని గెలిచి, నెట్ దగ్గరే కూలబడింది. చూసినవాళ్ళు దాని కోసం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా ఆటకి తలలూపారు. ఫైనల్లో ఇక మేమిద్దరమే.

ఫైనల్ ఒకటో నంబరు కోర్టులో. ముందు మూడు రోజులు ఆ కోర్టు చుట్టూ తాడు కట్టి ఎవరినీ రానివ్వరు. నాన్న తప్ప లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు. నేనైతే రోజూలాగే తెల్లవారి ఆయన వెంట వెళ్ళబోయాను. నాన్న గుమ్మంలో ఆగి, నా తల మీద చెయ్యి వేశాడు. "ఈ మూడు రోజులూ పడుకో తల్లీ. కాళ్ళకి విశ్రాంతి ఇవ్వు. ఫైనల్ ఆడేదానివి." పదేళ్ళలో నాన్న నన్ను అలసిపోతావని అన్నది అదే మొదటిసారి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కష్టం ఒకరికైనా కనిపించిందని, దుప్పటి ముసుగు పెట్టుకుని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

ఫైనల్ రోజు వార్మప్‌లో ఒక బంతి నా కాళ్ళ దగ్గరికి దొర్లింది. దాన్ని తియ్యడానికి వంగి, అలవాటుగా అరచెయ్యి నేల మీద ఆన్చాను. గడ్డి వేళ్ళ మధ్యలోంచి పైకొచ్చింది. రాకూడదు. మా కోర్టుల్లో గడ్డి ఎనిమిది మిల్లీమీటర్లు. గడ్డి కోసే మిషనుకి పక్కన గంట్లు ఉంటాయి, పిన్ను మూడో గంటులో పెడితే ఎనిమిది, నాలుగో గంటులో పెడితే పది. ఆ లెక్క షెడ్డు తలుపు మీద క్లబ్బు వాళ్ళే రాసి అంటించారు. ఎండాకాలం గడ్డి ఒక్క రోజు వదిలేస్తేనే లేచి కూచుంటుంది. నేను తలెత్తి చూశాను. నాన్న తాడు అవతల, టోపీ చేత్తో పట్టుకుని, తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

నా సర్వీస్ వేగంగా ఉండదు. పక్కకి కోసుకుంటూ పోయి, పొట్టి గడ్డి మీద పడగానే చీలమండ ఎత్తున జారిపోతుంది. అవతలివాళ్ళు దాని కోసం వంగి లేచేలోపు నేను నెట్ దగ్గరుంటాను. నా ఆటంతా ఆ జారుడు మీదే ఉంది. ఆ రోజు బంతి జారలేదు. పడినచోట కాస్త పట్టుకుని, మోకాలెత్తుకి లేచి, అక్క కోసం నిలబడింది. అక్క సర్వీస్ పిడిగుద్దు లాంటిది, దానికి గడ్డి ఎంతున్నా పెద్ద తేడా రాదు. మొదటి సెట్ ఆరు–మూడు తేడాతో పోయింది. జనంలో ఎవరో, గాడ్‌గిఫ్ట్ ఇవాళ బద్ధకంగా ఉంది అన్నారు. నాకు వినిపించింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. రెండో సెట్లో కోసి కొట్టడం మానేశాను. బంతిని నేరుగా అక్క ఒంటి మీదికి కొట్టి, ప్రతి పాయింటుకీ ముందుకి ఉరికాను. ఆరు–నాలుగుతో గెలిచాను. మూడో సెట్లో నాలుగు–మూడు మీదున్నాను. వైపులు మారేటప్పుడు బయట నుంచి వచ్చిన రిఫరీ, నెరిసిన మీసాల పెద్దాయన, కుర్చీ దిగి వచ్చి వంగి రెండు గడ్డిపోచలు గిల్లి చూశాడు. మా ఇద్దరి వైపూ తిరిగి, "కోర్టు బానే ఉందామ్మా ఇద్దరికీ?" అని అడిగాడు.

బావుందండి అంది అక్క, నీళ్ళు తాగుతూ. తనకి తెలియదు. తను ఎప్పుడూ సిమెంటు మీద ఆడిన మనిషి, ఒట్టి కాళ్ళతో గడ్డి తొక్కింది లేదు. రిఫరీ నాకేసి చూశాడు. తాడు దగ్గర నాన్న కదల్లేదు. నేను ఒక్క మాట అంటే కొలబద్ద తెప్పిస్తారు. కొలిస్తే నాన్న ఉద్యోగం పోతుంది, ఆ రెండు గదులూ పోతాయి, అమ్మ మిషను బయట వాన చినుకుల్లో ఉంటుంది. ఇదంతా నాన్నకీ తెలుసు. నేను అననని కూడా తెలుసు. ఆ నమ్మకం మీదే పిన్ను నాలుగో గంటులో పెట్టాడు.

"బావుందండి" అన్నాను.

ఆ తర్వాత నేను ఇంకో గేమ్ గెలవలేదు. చివరి పాయింటు నాకు బాగా గుర్తు. అక్క కొట్టిన బంతి సరిగ్గా నా నడుమెత్తున వచ్చింది. పదేళ్ళుగా ఆ గోడ నాకు విసిరిన బంతే అది. ఆ రోజు నా చేతికి లొంగలేదు. నెట్‌కి తగిలి నా వైపే పడింది. అక్క నెట్ దాటొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. దాని చొక్కా తడి నా చొక్కాకి అంటింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. కష్టజీవి గెలిచింది కదా, అందరికీ కడుపు నిండింది.

నేను బట్టలు కూడా మార్చుకోకుండా షెడ్డుకి వెళ్ళాను. నాన్న మిషను పక్కన కూర్చుని బ్లేడుకి నూనె రాస్తున్నాడు. పిన్ను ఇంకా నాలుగో గంటులోనే ఉంది. దాచాలని కూడా తోచలేదు ఆయనకి.

"నన్ను పడుకోమన్నది ఇందుకేనా?"

నాన్న నూనె గుడ్డ మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు. "దానికి ఇదే ఆఖరి ఏడు తల్లీ. ఎంత కష్టపడిందో నువ్వూ చూశావు. నీకు దేవుడిచ్చాడు, అది ఎక్కడికీ పోదు. దానికి ఎవరిస్తారు చెప్పు? రెండు మిల్లీమీటర్లేగా."

నేను చెయ్యెత్తి షెడ్డు గోడ చూపించాను. "పదేళ్ళుగా అక్కడ నేను చేసింది ఏంటి నాన్నా?"

ఆయన తలుపులోంచి బయటికి తొంగి ఆ గోడకేసి చూశాడు. బయటపడ్డ ఇటుకల మీద ఆయన చూపు ఆగింది. రోజూ దాని పక్క నుంచే రోలరు లాగిన మనిషి. "ఆడుకునేదానివిగా" అన్నాడు.

మరుసటి ఏడు ఆ సీటే ఎత్తేశారు. ఆ సంగతి అప్పటికి నాన్నకి తెలియదు, నాకూ తెలియదు. తెలియకపోయినా, సీటు పోయినందుకు కాదు నేను మండిపడింది. ఆ ఒక్క మాటకి.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. అక్క గెలిచిన కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నాన్నకి చూపిద్దామని పరిగెత్తుకుని వచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది. మిషను పక్కనున్న పిన్ను చూసింది, నా మొహం చూసింది. దానికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నేను దీన్ని ఓడించగలనని నువ్వు ఒక్కరోజు కూడా అనుకోలేదన్నమాట" అంది నాన్నతో.

నాన్న ఏదో చెప్పబోయాడు. అక్క ఆ కప్పుని గడ్డి పడే డబ్బాలో, కోసిన గడ్డి మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భోజనాలకి కూర్చున్నాం. అమ్మకి అక్క చెప్పిందో, నా మొహమే చెప్పిందో తెలియదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, రెండు మేకుల మీది తీగల కట్టలూ తీసుకొచ్చి నాన్న కంచం పక్కన పెట్టింది. "రెండూ నా చేత్తో కోసినవే. పట్టుకుని చూడండి ఏది బరువో" అంది. నాన్న చెయ్యి చాపలేదు. తినడం మానేసి ఆ కట్టల్ని చూస్తూ కూర్చున్నాడు. అమ్మ కూడా వాటిని తియ్యలేదు. వారం రోజులు అవి బల్ల మీదే ఉన్నాయి, కంచాలు వాటి పక్కనే సర్దుకున్నాం.

అక్క వెళ్ళనంది. రెండు రోజులు పెట్టె ముట్టుకోలేదు. నేనే కోప్పడ్డాను. నువ్వు వెళ్ళకపోతే నేను ఓడింది కూడా దండగ అన్నాను. అంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు అప్పుడు. మూడో రోజు బట్టలు సర్దుకుంది. వెళ్ళేరోజు అమ్మకి చెప్పింది, నాకు చెప్పింది, బస్సెక్కింది. కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది. పక్కనే నిలబడ్డ నాన్న కూడా చెయ్యి ఊపాడు. అక్క అటు చూడలేదు.

నేను తెల్లవారి లేవడం మానలేదు. కాకపోతే నాన్న వెంట వెళ్ళడం మానేశాను. ఆయన వెళ్ళిన అరగంటకి వెళ్ళి, గోడ దగ్గర నా వెయ్యి కొట్టుకుని వచ్చేదాన్ని. రోలరు నా వెనక వచ్చి ఒక్క క్షణం ఆగేది. నేను తిరిగేదాన్ని కాదు. మళ్ళీ కదిలి వెళ్ళిపోయేది.

సీజను ఆఖరి రోజు, కోర్టులు మూసేసి కొత్త విత్తనం చల్లే ముందు, ఆ రిఫరీ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. నేను సున్నం బక్కెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను, నాన్న తాళ్ళు చుడుతున్నాడు. పెద్దాయన కోర్టు చుట్టూ మెల్లగా నడిచి, ఒకచోట గొంతుక్కూర్చుని గడ్డి నిమిరి, లేచి నాన్న దగ్గరికి వచ్చాడు. చాలా ఊళ్ళు తిరిగానని, ఇలాంటి గడ్డి ఎక్కడా చూడలేదని అన్నాడు. ఆ తర్వాత మాట మామూలుగా అందరూ అనేది అనలేదు.

"ఎలా చేస్తారండీ మీరు ఇది? ఏం పని చేస్తే ఇలా వస్తుంది?" అని అడిగాడు.

ఇరవై రెండేళ్ళలో నాన్నని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. నాన్న చేతిలోని తాడు కింద పడింది. వంగిన నడుం నిటారుగా లేచింది. మొహం ఒక్కసారి పదేళ్ళు చిన్నదైపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కుంటూ, చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఏం లేదండి" అన్నాను నేను. "ఇక్కడి నేల మంచిది."

పెద్దాయన ఓహో అని తలూపాడు. నాన్న నాకేసి చూశాడు. ఆయన కళ్ళల్లో కోపం వస్తుందని ఎదురుచూశాను. దాని కోసమే అన్నాను ఆ మాట. కోపం రాలేదు. నాన్న మెల్లగా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అవునండి" అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక చెప్పులు విసిరెయ్యలేదు. రెండూ పక్కపక్కనే, గోడవారగా పెట్టి లోపలికి వెళ్ళాడు.